సరిహద్దు ఊళ్ళో అడ్డపొగ

నేను విదేశం వెళ్ళింది ఒక్కసారే. అదీ పొగాకు కొనడానికి.

ఈ మాట మొన్న సాయంత్రం ఇక్కడ టాటానగర్‌లో, మా సిద్ధగోరా ఇంట్లో అంటే ఎవరూ నమ్మలేదు. మా తమ్ముడి కూతురు కొత్త మొగుడితో సింగపూర్ షికారుకి వెళ్ళొచ్చి ఫోన్లో ఫోటోలు చూపిస్తోంది. వెళ్ళింది నాలుగు రోజులు, మాట్లాడ్డం మాత్రం అక్కడే పుట్టి పెరిగినట్టు. "అత్తా, ఆప్ తో కభీ బాహర్ గయీ నహీఁ" అని, నేను దేశం దాటనే లేదని జాలి కూడా పడింది. ఈ పిల్లలని తెలుగులో పలకరిస్తే హిందీలో బదులిస్తారు. వాళ్ళ నాన్న చెడగొట్టిన చెడు అది, ఇప్పుడు దానికి మందు లేదు.

"వెళ్ళకేం, వెళ్ళాను. నీ వయసులో సగం కూడా లేనప్పుడు. పాస్‌పోర్టు సంగతి తర్వాత, కాళ్ళకి చెప్పులు కూడా లేవు" అన్నాను.

"సచ్ మే? దేనికి?"

"మా మామ్మకి పొగాకు అయిపోయింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ పొగాకు వెనక ఉన్న సంగతి నవ్వుల మధ్య చెప్పేది కాదు. అందుకని ఫోటోలు చూసి బాగున్నాయని అనేసి, ఇదిగో ఇప్పుడు ఇలా రాస్తున్నాను.

మేం అప్పట్లో భాలుబాసాలో ఉండేవాళ్ళం. నాన్న కళాసీల మేస్త్రీ. కళాసీ అంటే ఇప్పటి పిల్లలకి చెప్పాలి కాబోలు. క్రేను వెళ్ళలేని చోట తాళ్ళు, పుల్లీలు, చేత్తో తిప్పే వించీలు పెట్టుకుని టన్నుల ఇనుము ఎత్తి, కూర్చోవలసిన చోట కూర్చోబెట్టేవాళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి టాటాకి వచ్చిన మా వాళ్ళలో చాలామంది చేసింది ఆ పనే. ఆ చలికాలం నాన్న పనిచేసే కాంట్రాక్టరుకి ఎక్కడో ఉత్తరాన, నేపాల్ సరిహద్దుకి ఆనుకుని ఉన్న పల్లెలో, ఒక చిన్న నది మీద ఇనుప వంతెన నిలబెట్టే పని దొరికింది. అమ్మ పురిటికి కన్నవారింటికి వెళ్ళింది. నాన్నకి వంట రాదు. ఆయన మనుషులకి అన్నం తప్ప ఇంకేదీ రాదు, అదీ సగం రోజులు అడుగంటేది. అందుకని వంటకి మామ్మని, మామ్మకి తోడుగా నన్ను వెంటబెట్టుకున్నాడు. నా బడి మాట ఎవరూ ఎత్తలేదు. ఆడపిల్ల ఒక చలికాలం బడి మానేస్తే లోకం మునిగిపోతుందని అప్పట్లో ఎవరూ అనుకునేవారు కాదు. తర్వాత నేను డిగ్రీ దాకా చదివాను గనక నిజంగానే మునగలేదు.

టాటానగర్‌లో ఎక్కిన రైలు పెద్దది. మారిన కొద్దీ రైళ్ళు చిన్నవవుతూ వచ్చాయి. చివరిది ఎంత చిన్నదంటే, ఒక మలుపులో ఎవరో దిగి, పక్క పొలంలో చెరుకు గడ విరుచుకుని, మళ్ళీ పరిగెత్తి ఎక్కాడు. రైలు దిగాక తాళ్ళూ పుల్లీలూ ఉన్న లారీలో వాటిమీదే కూర్చుని వెళ్ళాం.

ఆ ఊరి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. పొద్దున్నే మంచులో కలిసిన పిడకల పొగ, బెల్లం కాచే కొట్టం నుంచి వచ్చే తీపి వాసన, అన్నిటి మీదా ఆవనూనె. కూరలో ఆవనూనె, తలకి ఆవనూనె, పసిపిల్లల ఒంటికి ఆవనూనె. మామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఒలే గుంటా, ఈల్లు దీపానికి తప్ప అన్నిట్లోనూ ఇదే ఏత్తారేటే?" అని అడిగింది. దీపానికి కూడా అదే వేస్తారని రాత్రికి తెలిసింది.

ఒక విధవరాలి ఇంటి ముందు భాగం మాకు అద్దెకి ఇచ్చారు. ముందు పొడుగాటి అరుగు, దాని వెనక రెండు గదులు, వాకిలికి అటువైపు ఆవిడ మరిది ఇల్లు. ఆవిడని నేను చాచీ అనేదాన్ని. పొడుగ్గా, ఎముకలు తేలి, మగవాళ్ళ గొంతుతో ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక గేదె, నది ఒడ్డున కాస్త పొలం ఉన్నాయి. పొలం ఆవిడే దగ్గరుండి చేయించుకునేది. తన ముసుగు కళ్ళదాకా లాక్కుని మరీ, కూలీలను ఊరవతలకి వినిపించేటట్టు కేకలేసేది. ఆ ముసుగు దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

మామ్మకి హిందీ రాదు. ఇన్నేళ్ళు భాలుబాసాలో ఉండి కూరలవాడితో తెలుగులోనే బేరమాడి గెలిచిన మనిషి. చాచీ మాట్లాడేది హిందీ కూడా కాదు, దాని పక్క భాష. నాకు వీధి హిందీ వచ్చు కాబట్టి ఇద్దరి మధ్యా నేను కూర్చునేదాన్ని. చాచీ మాటలు నేను అప్పుడు అర్థం చేసుకున్నట్టే ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. పొరపాట్లుంటే అవి నావి.

వాళ్ళిద్దరినీ కలిపింది ఎండుచేప. మామ్మ మూట కట్టుకొచ్చిన ఎండు నెత్తళ్ళు ఒకరోజు చింతపండు పులుసులో వేసింది. ఆ వాసనకి ఊరు పారిపోతుందని నాన్న భయపడ్డాడు. పారిపోలేదు సరిగదా, చాచీ వచ్చి మా వంటింటి గుమ్మంలో చతికిలబడింది. ఆ ఊళ్ళో అందరూ చేపలు తింటారు. విధవలు తినకూడదు.

"తింటావేటి తల్లీ?" అంది మామ్మ. నేను చెప్పాను.

"తినను. వాసన చూస్తే పాపం లేదు కదా" అంది చాచీ.

మామ్మ కుండ మూత తీసి, ఆవిడ వైపు జరిపి, గరిటెతో నెమ్మదిగా కలుపుతూ కూర్చుంది. అప్పట్నుంచి పులుసు కాచిన రోజల్లా చాచీ పీట గుమ్మం దగ్గర ఉండేది.

సరిహద్దంటే ముళ్ళకంచె, తుపాకులు అనుకుంటారు. మా ఊరి సరిహద్దు ఒక సిమెంటు స్తంభం. దానికి రెండు వైపులా దున్నకుండా వదిలేసిన గడ్డి పట్టీ పొడుగ్గా పోతుంది. దాన్ని దస్‌గజా అనేవారు. ఇటు మనది, అటు వాళ్ళది, మధ్యలోది ఎవరిదీ కాదు. గొడ్లకి మాత్రం ఆ సంగతి తెలియదు కాబట్టి హాయిగా మేసేవి. స్తంభానికి అవతల ఒక రేగుచెట్టు ఉండేది. నేను అటు దేశపు పళ్ళు తిని గింజలు ఇటు దేశంలో ఉమ్మేదాన్ని. తర్వాత బడిలో టీచరు బోర్డు మీద దేశం చుట్టూ లావుపాటి గీత గీస్తే, అది అలా ఉండదని లేచి నిలబడి వాదించి బయట నిలబడ్డాను. ఇప్పటికీ అలా ఉండదనే అంటాను.

మామ్మ తెచ్చుకున్న పొగాకు అయిపోయింది. ఆ ఊళ్ళో దొరికేది సున్నంతో నలిపే ఖైనీ, హుక్కాలో వేసే బెల్లం పాకం పొగాకు. రెండూ ఆవిడకి ఎందుకూ పనికిరావు. చుట్టకి ఆకు కావాలి. అవతలి సంతలో ఆకు దొరుకుతుందని చాచీ చెప్పింది. అలా నేనూ మామ్మా పొద్దున్నే బయల్దేరి విదేశం వెళ్ళాం. దారిలో ఒక చెక్క బల్ల, దానిమీద ఎండలో కునుకు తీస్తున్న పోలీసు. అతను ఒక కన్ను తెరిచి, ఎక్కడికమ్మా అన్నట్టు, "కహాఁ, మాయీ?" అన్నాడు.

"పొగాక్కి, బాబూ" అంది మామ్మ తెలుగులో.

అతను కన్ను మూసేశాడు. నా విదేశయాత్రకి తనిఖీ అంతే. సంతలో మామ్మ ఆకు వాసన చూసి, చిటికెడు తుంచి నమిలి, ఉమ్మి, మొహం చిట్లించి, మళ్ళీ అదే కొంది.

ఇప్పుడు మామ్మ చుట్ట గురించి చెప్పాలి. మా వైపు ముసలాళ్ళు తాగేది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసేస్తారు. గాలికి ఆరదు, బూడిద రాలదు, చేతులు ఖాళీగా ఉంటాయి. పొలంలో నాటు వేస్తూ, ఇంట్లో రుబ్బుతూ కూడా తాగొచ్చు. డాక్టర్లు ఇప్పుడు దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందంటారు. నిజమే, వస్తుంది. నేను దాన్ని మెచ్చుకోవడం లేదు. మా మామ్మకి అది ఊపిరి తీసుకోవడం లాంటిదని చెబుతున్నాను.

భాలుబాసాలో అది ఎవరికీ వింత కాదు. ఇక్కడ నాన్న కింద పనికొచ్చే ఊరి కూలీలు ఆవిడని చూసి తట్టలు దించి నిలబడిపోయేవారు. నాన్నకి ఇబ్బందిగా ఉండేది.

"అమ్మా, ఊరు కాని ఊరు. ఆలు సూత్తన్నారు. కొన్నాల్లు మానీ" అన్నాడు.

"నిన్ను కన్నప్పుడు కూడా నా నోట్లో ఉన్నాది. ఇప్పుడు నీ కోసం మానాలేటి?"

"మానకపోతే మానకు. ఆల్ల ముందు తాగకు."

సరేనంది మామ్మ. ఆ రోజు నుంచి సాయంత్రం వంట దించి, నన్ను వెంటబెట్టుకుని దస్‌గజాకి వెళ్ళి స్తంభానికి ఆనుకుని కూర్చునేది. "ఇక్కడ నన్ను అడిగీ నాథుడెవుడూ నేడు" అని చుట్ట వెలిగించేది. నేను రేగుచెట్టెక్కేదాన్ని. మా ఇద్దరికీ అంత మంచి చోటు మళ్ళీ దొరకలేదు.

అసలు ముప్పు అక్కడే మొదలైంది. ఊళ్ళో పట్టపగలు తాగినన్నాళ్ళూ అది ఒక వింత. మసక వెలుతురులో, ఎవరిదీ కాని నేల మీద, నోట్లో నిప్పు పెట్టుకుని మూసేసే ముసల్ది వేరే సంగతి. గొడ్లని తోలుకొచ్చే ఆడవాళ్ళు చూశారు. చేతిలో ఏమీ లేదు, నిప్పు కనబడదు, ముక్కులోంచి నోట్లోంచి పొగ. మర్నాటికి నీళ్ళ దగ్గర నన్ను చూసి పిల్లలు పక్కకి జరిగారు. ఒక పిల్ల అడిగేసింది, "మీ మామ్మ డాయనా?" అని.

డాయన్ అంటే చేతబడి చేసే ఆడది. ఇక్కడ టాటానగర్ చుట్టుపక్కల, సింగ్‌భూమ్‌లో ఉన్నవాళ్ళకి ఆ మాట బరువు చెప్పనక్కర్లేదు. ఆ మాట పడ్డ ఆడవాళ్ళని కొట్టి తరిమేస్తారనీ, ఒక్కోసారి చంపేస్తారనీ నేను చిన్నప్పుడే విన్నాను. నేను ఇంటికొచ్చి ఆ మాట మింగేశాను. నిప్పు మింగడం కంటే అదే కష్టం.

తర్వాత చాచీ గేదె వట్టిపోయింది. మరిది వాకిలి దాటొచ్చి, ఈ మద్రాసీ ముసలిది వచ్చాకే పాలు ఆగిపోయాయని నలుగురిలో అన్నాడు. మర్నాడు కూలీలు ఒక్కరూ పనికి రాలేదు. నదిలో నీళ్ళు తగ్గి ఉండగానే దూలాలు ఎక్కించాలి. తాళ్ళు కట్టి సిద్ధంగా ఉన్నాయి, లాగే మనుషులు లేరు. కూలీల పెద్ద వచ్చి నాన్నతో తిన్నగా చెప్పాడు. ముసలామెను పంపేస్తే వస్తాం. పంపకపోతే తర్వాత జరిగేదానికి మేం పూచీ కాదు.

నాన్న ఇంట్లోకి వచ్చాడు.

"అమ్మా, రేపు బండెక్కిత్తాను. గుంటని కూడా తీసుకెల్లు. మనోడొకడు తోడొత్తాడు."

"నానేటి సేసినాన్రా?"

"నువ్వేటి సెయ్యలేదు. అయినా ఎల్లాల."

మామ్మ ఎదురు చెప్పలేదు. జీవితంలో నేను చూసిన ఒకే ఒక్కసారి. చీరలు తీసి మూట కట్టడం మొదలుపెట్టింది. మిగిలిన చుట్టలు చీర మడతలో దూర్చి ముడి మీద ముడి వేసింది. ఇన్నేళ్ళ తర్వాత నాకు ఆవిడ మొహం కంటే ఆ ముడులే ఎక్కువ గుర్తున్నాయి.

మర్నాడు పొద్దున్న మేం వెళ్ళిపోవడం చూడ్డానికి వాకిట్లోకి జనం వచ్చారు. మరిది ముందు నిలబడ్డాడు. కూలీల పెద్ద, నలుగురైదుగురు మగవాళ్ళు, గోడ పక్కన ఆడవాళ్ళు. నాన్న మూట భుజానికెత్తుకున్నాడు. అప్పుడు కొట్టంలోంచి చాచీ వచ్చింది, చేతుల నిండా పేడ.

"ఏమిటీ సభ?"

"మీ మేలుకే, వదినా" అన్నాడు మరిది. "ఆ ముసల్ది నిప్పు మింగుతుంది. మన ఆడవాళ్ళు కళ్ళారా చూశారు. గేదె అప్పుడే వట్టిపోయింది. రేపు పిల్లల మీద పడుతుంది."

"గేదె ఎవరిది?"

"మీదే."

"పాలు పోతే నష్టం?"

"మీకే."

"నేను ఏడవడం లేదు, నువ్వెందుకు ఏడుస్తున్నావు? గేదె చూడిది. కడుపు కనపడ్డం లేదా? చూడి గేదె వట్టిపోక పాయసం ఇస్తుందా? కిందటేడు నీ గేదె వట్టిపోయినప్పుడు ఏ మద్రాసీ వచ్చింది?"

ఎవరో ముసిముసిగా నవ్వారు. చూడి గేదె సంగతి ఆ వాకిట్లో తెలియనివాళ్ళు లేరు. మరిదికి అందరికంటే ముందు తెలుసు. దీన్నే చదువుకున్నవాళ్ళు పల్లెటూరి అజ్ఞానం అంటారు. నేను ఒప్పుకోను. అజ్ఞానం అయితే గేదె కడుపు చూపిస్తే పోవాలి. పోలేదు.

"గేదె మాట వదిలెయ్యండి. నిప్పు మాటేమిటి?" అన్నాడు అతను.

చాచీ గడ్డికి చేతులు తుడుచుకుంది. నా వైపు తిరిగింది. "మీ మామ్మతో చెప్పు. ఒకటి వెలిగించి ఇమ్మను."

"మామ్మా, చాచీకి సుట్ట కావాలంట."

"దానికేటి, పిచ్చా? నాలిక కాలిపోద్ది."

"కాలితే కాల్నీ అంటంది."

మామ్మ నాన్న వైపు చూసింది. నాన్న మూట కిందకి దించాడు. ఆవిడ మూట విప్పి, చుట్ట తీసి వెలిగించి, ముందు తాను పెట్టుకుని చూపించింది. తర్వాత పాఠం చెప్పింది. నేను ఒక్కొక్క ముక్కా హిందీలో అరిచాను. నోరు ఉమ్మితో తడుపుకో. నాలిక కిందకి నొక్కిపెట్టు. గాలి లోపలికి లాగకు. పెదాలు గట్టిగా మూసెయ్యి.

చాచీ నోట్లో పెట్టుకుంది. వెంటనే ఉమ్మేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలిక బయటపెట్టి ఆయాసపడుతూ మామ్మ ముత్తాతల దాకా తిట్టింది. ఆ తిట్లు నేను తెలుగు చెయ్యలేదు, అయినా మామ్మకి అర్థమయ్యాయి. వాకిలంతా నవ్వింది. నవ్వుతున్నవాళ్ళ మధ్యనే చాచీ ఆ చుట్ట నేల మీంచి తీసి, దుమ్ము ఊది, మళ్ళీ పెట్టుకుంది. పెదాలు మూసింది. ఈసారి పొగ ముక్కులోంచి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

ఆవిడ నిదానంగా అరుగు మీద కూర్చుని, చుట్ట తీసి అందరికీ కనబడేటట్టు పట్టుకుంది.

"నేనూ నిప్పు తిన్నాను. అయితే నేనూ డాయన్‌నే. తరిమేవాళ్ళు ఎవరో ముందుకి రండి."

ఎవరూ రాలేదు. ముందు ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు, చివరికి మరిది వెళ్ళిపోయారు. మా ప్రయాణం ఆగిపోయింది. మర్నాడు కూలీలు పనిలోకొచ్చారు. దూలాలు ఎక్కాయి. ఇద్దరు కూలీల పెళ్ళాలు మధ్యాహ్నం గడప దగ్గరకొచ్చి, మళ్ళీ ఒకసారి చూపించమని మామ్మని అడిగారు కూడా.

మామ్మ చూపించలేదు. అసలు ఆ పొద్దుటి నుంచి ఆవిడ చుట్ట వెలిగించలేదు. కోడి కూతకి ముందే లేచి, వేయించిన చింతపిక్కలు దవడన పెట్టుకుని, నన్నూ నాన్ననీ కారణం లేకుండా తిడుతూ తిరిగేది. నాన్న ఆశ్చర్యపోయాడు.

"నానడిగితే మానలేదు. ఇప్పుడెందుకు మానినావు?"

"నీకు తెల్దు" అంది మామ్మ. "అది అనకూడని మాట అనీసింది. నలుగురిలో తన నోటితో తనే అనీసింది. ఒంటి ఆడది. మొగుడు నేడు, బిడ్డ నేడు. రేపు మనం ఎల్లిపోతాం. ఆ మాట ఇక్కడే ఉంటాది, ఆ మనిసీ ఇక్కడే ఉండాల. నాను మల్లీ నోట్లో నిప్పెట్టుకుంటే ఆలకి గురుతు సేసినట్టు కాదేటి?"

నాకు అప్పుడే మొదటిసారి భయమేసింది, చాచీ కోసం.

చాచీ కనిపెట్టకుండా ఉంటుందా? ఒక సాయంత్రం పీట లాక్కుని కూర్చుంది. "మాయీ, చుట్ట ఏది?"

మామ్మ చింతపిక్కని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకుంది. నేనే చెప్పాను, నీకు కీడు వస్తుందని మానేసిందని. చాచీ మొహం ఎర్రబడింది. "నేను నాలిక కాల్చుకుంది ఇందుకా?" అని అరిచింది. తర్వాత గొంతు తగ్గించింది. ఆ గొంతు అంత తగ్గుతుందని నాకు తెలియదు.

"మీ మామ్మతో సరిగ్గా చెప్పు. ఒక్క మాట కూడా వదలకు. మా ఆయన పోయిన నెల తిరక్కుండానే మరిది వచ్చాడు. పొలం నేను చూసుకుంటాను, నీకు రెండు పూటలా తిండి పెడతాను అన్నాడు. ఒప్పుకోలేదు. అప్పట్నుంచి నాకు పేర్లు పెడుతున్నారు. మొదట మొగుణ్ణి తినేసిందన్నారు. తర్వాత గొడ్రాలన్నారు. చుట్ట లేకపోతే వాళ్ళకి ఇంకోటి దొరుకుతుంది. వాళ్ళు పెట్టే పేరుకి భయపడి నోరు మూసుకున్న రోజు నా పొలం పోతుంది. నువ్వు మానేస్తే నేను భయపడ్డానని వాళ్ళు అనుకుంటారు."

గొడ్రాలు అన్నచోట నాకు తెలుగు మాట తెలియక ఆగిపోయాను. పిల్లలు లేని... అని ఏదో నసిగాను. మామ్మ చెయ్యెత్తి, చాలన్నట్టు నన్ను ఆపింది.

"ఒలే గుంటా, లోపలికెల్లి పొగాకు తే. రెండాకులు ఎక్కువ తే."

మామ్మ తొడ మీద పెట్టి రెండు చుట్టలు చుట్టింది. ఒకటి కాస్త సన్నంగా, నేర్చుకునేవాళ్ళకి. ఇద్దరూ దస్‌గజాకి వెళ్ళలేదు. మరిది వాకిలికి ఎదురుగా అరుగు మీద కూర్చున్నారు. మామ్మ తెలుగులో మాట్లాడింది, చాచీ తన భాషలో మాట్లాడింది. నన్నెవరూ మధ్యలోకి పిలవలేదు. అతను కొట్టం దగ్గర గడ్డి కోస్తూ ఒకసారి తలెత్తాడు. మళ్ళీ గడ్డి కోసుకున్నాడు. మేం ఉన్నన్ని రోజులూ సాయంత్రాలు అలాగే గడిచాయి.

ఎండలు ముదరక ముందే వంతెన పూర్తయింది, మేం వచ్చేశాం. వీడ్కోలప్పుడు ఎవరూ ఏడవలేదు. లారీ కదులుతుంటే చాచీ నన్ను పిలిచి, ఆడపిల్లకి అంత సిగ్గు పనికిరాదు, గట్టిగా మాట్లాడ్డం నేర్చుకో అంది. నేర్చుకున్నాను. నా చుట్టూ ఉన్నవాళ్ళు కాస్త ఎక్కువే నేర్చుకున్నానంటారు.

మరుసటి చలికాలం వంతెన బోల్టులు బిగించడానికి నాన్న ఒక్కడే వెళ్ళొచ్చాడు. భాలుబాసా ఇంట్లో అడుగుపెట్టి, ఇంకా కాళ్ళైనా కడుక్కోలేదు. పాకుతున్న తమ్ముణ్ణి ఎత్తుకోబోతుంటే మామ్మ అడ్డంగా నిలబడింది. వంతెన ఎలా ఉందని అడగలేదు.

"గేదె ఈనిందేటి?"

"ఈనింది. పెయ్యదూడ."

"పొలంలో ఏటేసినారు?"

"ఆవ. పువ్వొచ్చీసి పచ్చగా ఉంది."

"ఎవులేసినారు?"

నాన్నకి అప్పుడు తెలిసింది ఆవిడ అడిగేదేమిటో. "ఆవిడే ఏసింది, అమ్మా. గట్టు మీద కూకుని కూలోల్లని తిడతంది. నోట్లో సుట్ట ఉంది. తియ్యకుండానే తిడతంది."

"నిప్పెటేపు?"

"లోపలికే."

మామ్మ తమ్ముణ్ణి ఎత్తి నాన్న చేతికిచ్చి, గుమ్మంలో కూర్చుని, చాలాసేపు తనలో తాను నవ్వుకుంది. "తియ్యకుండా తిట్టడం నాకే ఇంకా సరిగ్గా రాదు" అంది.

ఆ తర్వాత నాన్నకి అటువైపు పని పడలేదు. చాచీ ఎన్నేళ్ళు బతికిందో, ఆవిడ వెనక ఆ పొలం ఎవరి చేతికి పోయిందో నాకు తెలియదు. మరిది కొడుకులకే పోయి ఉంటుంది, వారసులు లేని భూమి ఇంకెక్కడికి పోతుంది. కానీ ఆవిడ ఉండగా పోలేదని నేను గట్టిగా అంటాను. నీకెలా తెలుసు, ఆధారమేదీ అని అడిగేవాళ్ళుంటే అడగండి. నోట్లో నిప్పు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని, దాన్ని తియ్యకుండానే తిట్టే ఆడమనిషిని అక్కణ్ణుంచి లేపగలిగినవాణ్ణి మీరు ఎక్కడైనా చూశారా? నేను చూడలేదు.